అధ్యాయం 7: ఒడ్డున నింపాదిగా

థాయ్‌లాండ్‌లోని కో లాంటా ద్వీపంలో మా మొదటి సాయంత్రం చేజేతులా పాడుచేసుకున్నాం. తప్పు నాదే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

బయల్దేరే ముందే ఫోన్లో ఒక జాబితా రాసుకున్నాను. చూసి తీరాల్సిన బీచ్ బార్లు, వాటి రేటింగులు, హోటల్ నుంచి ఎంత దూరం, అన్నీ. జాబితాలో మొదటి పేరున్న చోటికే వెళ్ళాం. నియాన్ అక్షరాల కింద ఒక ఊయల, ఆ ఊయల మీద ఫొటో దిగడానికి వరస. పాట ఎంత గట్టిగా పెట్టారంటే పది గజాల దూరంలో ఉన్న సముద్రం మూగదైపోయింది. గ్లాసు సగం కాకముందే కుర్రాడొచ్చి ఇంకేం కావాలని అడిగాడు. రెండోసారి వచ్చినప్పుడు అడక్కుండానే గ్లాసు తీసేయబోయాడు. నలభై నిమిషాల్లో లేచి బయటికొచ్చేశాం. బిల్లు చూసి మా ఆవిడ అంది: "ఇంత దూరం వచ్చి మాల్లో ఫుడ్‌కోర్టులో కూర్చున్నట్టుందండీ."

మర్నాడు జాబితా జోలికి పోలేదు. ఖ్లోంగ్ ఖోంగ్ ఒడ్డు వెంబడి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. ఒకచోట నాలుగు వెదురు గుంజలు, పైన ఆకుల కప్పు, ఇసుకలో చాపలు, చాపల ముందు మోకాలెత్తు బల్లలు కనిపించాయి. ఒకావిడ మట్టి రోట్లో పచ్చి బొప్పాయి తురుము వేసి కర్ర రోకలితో దంచుతోంది. ఆ చప్పుడుకి మా అమ్మ గోంగూర పచ్చడి గుర్తొచ్చి ఆగిపోయాం. పక్క చాప మీద ముగ్గురు పడవవాళ్ళు ప్లాస్టిక్ సంచుల్లో ఐస్ టీ పోయించుకుని, స్ట్రాలు పెట్టుకుని తాగుతున్నారు. లాంటాలో ముస్లిం కుటుంబాలే ఎక్కువ. కాసేపటికి ఎక్కడినుంచో మగ్రిబ్ అజాన్ వినిపిస్తే ఆవిడ లేచి వెళ్ళి పాట తగ్గించి వచ్చింది. ఆటుపోటులో నీళ్ళు వెనక్కి పోయి రాళ్ళు బయటపడ్డాయి. పిల్లలు వాటి మధ్య పీతల్ని వెతుక్కుంటున్నారు.

నేనో బీరు, మా ఆవిడ నిమ్మకాయ సోడా అడిగాం. అవి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో నాకు ఒక్కసారి కూడా విసుగు రాలేదన్న సంగతి లేచేటప్పుడుగానీ తట్టలేదు. సాయంత్రం అయిదింటికి కూర్చున్నవాళ్ళం తొమ్మిదింటికి లేచాం.

ద్వీపం ఒకటే, సముద్రం ఒకటే, మనుషులమూ మేమే. మరి తేడా ఎక్కడొచ్చింది? ఈ అధ్యాయం దాని గురించే. మీరు మందు ముట్టనివాళ్ళయినా ఇది మీకు పనికొస్తుంది. ఎందుకంటే మనం వెతుకుతున్నది తీరుబాటుని. అది సగం చోటులో ఉంటుంది, సగం మనం వెంట తీసుకెళ్ళాలి.

అలంకారం చూసి మోసపోకండి

తాటాకు కప్పు, వెదురు కుర్చీ, గొడుగు గుచ్చిన గ్లాసు. బీచ్ బార్ అనగానే కళ్ళ ముందుకొచ్చే ఈ బొమ్మకి ద్వీపంతో పనిలేదు. 1933లో, దక్షిణ సముద్రాల దీవులకు ఎంతో దూరంగా, అమెరికాలోని హాలీవుడ్‌లో డాన్ ద బీచ్‌కాంబర్ అనే బారు వెలిసింది. వెదురు గోడలు, రమ్ము పానీయాలు, దక్షిణ సముద్రాల సామాను పెట్టి అక్కడ ద్వీపాన్ని నాలుగు గోడల మధ్య తయారుచేశారు. దాన్ని చూసి అలాంటివి ఊరూరా పుట్టుకొచ్చాయి. వాటికి టికీ బార్లని పేరు. 1977లో జిమ్మీ బఫెట్ పాడిన 'మార్గరిటావిల్' పాట పేరు మీద తర్వాత రెస్టారెంట్లు, హోటళ్ళు గొలుసుకట్టుగా వచ్చాయి. అంటే వెదురునీ ఆకుల కప్పునీ డబ్బిచ్చి ఎక్కడైనా కట్టించుకోవచ్చు.

కట్టించుకోలేనిది ఏమిటో ట్రినిడాడ్ వాళ్ళని అడగాలి. వాళ్ళకొక మాట ఉంది: లైమింగ్. పనిపెట్టుకోకుండా, ముగింపు వేళ పెట్టుకోకుండా నలుగురు చేరి తినడం, తాగడం, మాట్లాడుకోవడం. మన పిచ్చాపాటీకి దగ్గరి చుట్టం. కరీబియన్ దీవుల్లో దీన్ని తీరిక దొరికినప్పుడు చేసే పనిగా చూడరు, దీనికోసమే తీరిక చేసుకుంటారు. బార్బడోస్‌లో రమ్ షాపులని చిన్న చిన్న కొట్లుంటాయి. ముందు భాగంలో ఉప్పూ పప్పూ, పక్కనే రమ్ము సీసాలు, బయట బల్ల మీద డామినో బిళ్ళల్ని ఫెడీఫెడీమని కొడుతూ నలుగురు ముసలాళ్ళు. అసలైన బీచ్ బార్ ఇలాంటి కొట్టు సముద్రం వైపు జరిగితే తయారయినదే.

మనకూ ఇది కొత్తేం కాదు. తెలంగాణలో తాటివనంలో గీత కార్మికుడు చెట్టు దిగేదాకా ఎదురుచూస్తూ ఆకు దొప్ప పట్టుకుని కూర్చున్నవాళ్ళకి తెలుసు. ఊళ్ళో రచ్చబండ మీద మధ్యాహ్నాలు గడిపినవాళ్ళకీ తెలుసు. అక్కడ ఎవరూ మెనూ తేరు, ఎవరూ లేవమనరు. విదేశీ ద్వీపంలో మనం వెతకాల్సింది అచ్చం ఆ రచ్చబండనే.

చేరడం ఎంత కష్టమైతే అంత మంచిది

మొదటి సూత్రం ఇది. కారు వెళ్ళి ఆగే చోట గుంపు ఉంటుంది. కారు దిగి పడవ ఎక్కాల్సి వస్తే గుంపు సగమవుతుంది. పడవ దిగి నడవాల్సి వస్తే ఇంకా పలచబడుతుంది.

బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో జోస్ట్ వాన్ డైక్ అనే చిన్న దీవి ఉంది. దాని వైట్ బే తీరంలోని సాగీ డాలర్ బార్ పేరే ఒక కథ చెబుతుంది. అక్కడ పడవలు కట్టడానికి రేవు లేదు. పడవని నీళ్ళలోనే ఆపి ఈదుకుంటూ ఒడ్డుకి రావాలి. జేబులో నోట్లు తడిసి ముద్దవుతాయి. తడి డాలర్లు ఇచ్చి తాగే బారు కాబట్టి ఆ పేరు. రమ్ము, కొబ్బరి క్రీము, అనాస రసం, నారింజ రసం కలిపి పైన జాజికాయ గీరి ఇచ్చే పెయిన్‌కిల్లర్ అనే పానీయం అక్కడిదే. ఇప్పుడది బాగా పేరుబడింది, పగలు పడవల తాకిడి ఎక్కువ. అందుకని రాత్రి ఆ దీవిలోనే బస చేసినవాళ్ళకే దాని అసలు రుచి తెలుస్తుంది. పడవలన్నీ వెళ్ళిపోయిన సాయంత్రమూ, అవి ఇంకా రాని పొద్దుటి పూటా వాళ్ళవే.

జమైకా దక్షిణ తీరంలో పెలికన్ బార్ ఇంకో మెట్టు పైది. ఒడ్డు నుంచి సుమారు ఒక మైలు దూరంలో, సముద్రం మధ్య ఇసుక మేట మీద కర్రలు పాతి 2001లో ఫ్లాయిడ్ అనే మత్స్యకారుడు కట్టిన పాక అది. పడవ మాట్లాడుకుని వెళ్ళాలి. 2004లో ఐవాన్ తుఫాను దాన్ని తుడిచిపెడితే మళ్ళీ కట్టారు. 2024 జూలైలో బెరిల్ తుఫాను ఊడ్చేస్తే మళ్ళీ లేపారు. సముద్రానిదే పైచేయి అని ఒప్పుకుని కట్టుకున్న పాక కాబట్టి ఇలాంటి చోటికి బయల్దేరే ముందు అది నిలబడి ఉందో లేదో ఒడ్డున పడవవాళ్ళని అడిగి మరీ వెళ్ళాలి.

కార్లు తిరగని దీవులు కూడా మంచి గురి. ఇండోనేషియాలో లొంబోక్ పక్కన మూడు గిలి దీవుల్లో కార్లు, పెట్రోలు స్కూటర్లు ఉండవు. సైకిళ్ళు, సిడోమో అనే గుర్రబ్బండ్లు తిరుగుతాయి. మూడింటికీ మూడు స్వభావాలు. గిలి ట్రవాంగన్ హుషారు, గిలి మెనో మౌనం, గిలి ఎయిర్ రెంటికీ నడిమధ్య. పేరు చూసుకోకుండా పడవెక్కి, పడుకుందామని వెళ్ళి రాత్రంతా డప్పుల చప్పుడు విన్నవాళ్ళున్నారు. బెలీజ్‌లోని కే కాకర్ దీవిలోనూ ఇసుక దారులే. ఎక్కువగా గోల్ఫ్ బండ్లు, సైకిళ్ళే కనిపిస్తాయి. ఊరి నినాదమే 'గో స్లో'. మెల్లగా పొమ్మని గోడల మీద రాసుకున్న ఊళ్ళో ఎవరు తొందరపడతారు?

ఏ ఒడ్డు, ఏ నెల

ద్వీపం ఖాయం చేసుకున్నాక చాలామంది నేరుగా హోటల్ రేట్లు చూస్తారు. ముందు మ్యాపు చూడండి. గాలి వచ్చే వైపు ఏ ఒడ్డుందో, పొద్దు వాలే వైపు ఏ ఒడ్డుందో అందులో తెలుస్తుంది.

కరీబియన్‌లో గాలి ప్రధానంగా తూర్పు నుంచి వీస్తుంది. అందుకే బార్బడోస్ తూర్పు తీరంలో బాత్‌షీబా దగ్గర అలలు విరుచుకుపడతాయి, పడమటి తీరంలో నీళ్ళు చెరువులా ఉంటాయి. సూర్యాస్తమయమూ పడమరనే కాబట్టి సాయంత్రం కుర్చీ వేసుకోవడానికి ఆ ఒడ్డే అనువు. మారిషస్‌లోనూ ఇదే లెక్క. అక్కడ గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. ఫ్లిక్ ఆఁ ఫ్లాక్, తమారిన్ లాంటి పడమటి ఒడ్డులు నెమ్మదిగా ఉంటాయి. ఈ ఒక్క లెక్క తెలిస్తే కొత్త దీవిలో సగం వెతుకులాట తగ్గుతుంది.

నెలల విషయానికొస్తే కరీబియన్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. మారిషస్‌లో తుఫానుల భయం ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. థాయ్‌లాండ్‌కి రెండు సముద్రాలు, రెండు వానాకాలాలు. అండమాన్ సముద్రం వైపున్న లాంటా, ఫుకెట్‌లలో మే నుంచి అక్టోబర్ దాకా వర్షాలు. గల్ఫ్ వైపున్న సముయ్, ఫంగన్ దీవుల్లో భారీ వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య. దసరా సెలవులని ఎటో ఒకటి బుక్ చేసుకుంటే గదిలో కూర్చుని వాన చూడాల్సి రావచ్చు.

సీజన్ నడిమధ్య కంటే దాని రెండు కొసలు మేలు. పాకలు అప్పుడు కూడా తెరిచే ఉంటాయి, యజమానికి మీతో మాట్లాడే ఓపిక ఉంటుంది, ధరలు దిగి ఉంటాయి. అమెరికాలో ఉంటూ థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవుల్లో కరీబియన్ వైపు వెళ్ళే మనవాళ్ళకి ఇంకో మాట. క్రూయిజ్ ఓడ రేవుకొచ్చిన రోజు వేలమంది ఒక్కసారిగా ఒడ్డు మీద దిగుతారు. ఏ రేవుకి ఏ రోజు ఎన్ని ఓడలొస్తాయో ముందే ప్రకటిస్తారు. అది చూసుకుని ఓడ లేని రోజు వెళ్ళండి. కుదరకపోతే సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళండి. అప్పటికి ఓడవాళ్ళు వెనుదిరుగుతుంటారు.

నిలబడి చూడాల్సిన ఐదు గుర్తులు

చోటు ముందుకొచ్చారు. వెంటనే కూర్చోకండి. రెండు నిమిషాలు నిలబడి చూడండి.

ఒకటి: ఎవరు కూర్చున్నారు? పడవవాళ్ళు, పక్క కొట్టువాళ్ళు, పని దిగిన హోటల్ కుర్రాళ్ళు కనీసం ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తే అది ఊరివాళ్ళ చోటు. ఊరివాళ్ళు రోజూ వచ్చే చోట ధర న్యాయంగా, సరుకు తాజాగా ఉండక తప్పదు.

రెండు: పలక మీద ఎన్ని రాశారు? పిజ్జా, సుషీ, బటర్ చికెన్ ఒకే అట్ట మీద కనిపిస్తే నమస్కారం పెట్టి కదలండి. ఈ రోజు చేప, ఈ రోజు అన్నం అని సుద్దముక్కతో నాలుగు వరసలు రాసి ఉంటే ఆగండి.

మూడు: అల చప్పుడు వినిపిస్తోందా? పాట ఉండొచ్చు. పాటకీ పాటకీ మధ్య సముద్రం వినబడాలి. పక్కవాళ్ళతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే చాలు.

నాలుగు: కూర్చున్నందుకు డబ్బు అడుగుతున్నారా? కుర్చీకింత, గొడుగుకింత, తక్కువలో తక్కువ ఇంత ఖర్చుపెట్టాలి అని షరతులు పెట్టే చోట మీటరు తిరుగుతుంటుంది. మీటరు తిరిగే చోట తీరుబాటు నిలవదు. బార్బడోస్‌లో సముద్రపు ఒడ్డులన్నీ ప్రజలవే. అలాంటి దీవుల్లో సొంత చాప పరుచుకుని, పానీయం మాత్రం కొట్లో కొనుక్కోవచ్చు.

ఐదు: యజమాని ఉన్నాడా? గ్లాసు కడిగే మనిషీ, డబ్బు తీసుకునే మనిషీ, కుక్కని అదిలించే మనిషీ ఒక్కరే అయితే మీరు సరైన చోటికి వచ్చినట్టే.

ఐదింటిలో మూడు కలిస్తే కూర్చోండి. ఐదూ కలిసే చోటు కోసం తిరుగుతూ పొద్దుపుచ్చకండి, అదో కొత్త హడావిడి.

కూర్చునే ముందు తల పైకెత్తి చూడటం మరవద్దు. కొబ్బరి గెల కింద కూర్చోకూడదని కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. కరీబియన్‌లో మాంచినీల్ అనే చెట్టు మాత్రం మనకి కొత్త. ఒడ్డునే పెరుగుతుంది, చిన్న ఆకుపచ్చ ఆపిల్ లాంటి కాయలు కాస్తుంది. కాయ విషం, పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. వానలో దాని కింద నిలబడినా ప్రమాదమే. చాలాచోట్ల మానుకి ఎర్ర రంగు పట్టీ వేస్తారు, బోర్డు పెడతారు. నీడ బాగుంది కదా అని చేరబడొద్దు.

మనం మోసుకెళ్ళే హడావిడి

ఇక మిగతా సగం. చోటు ఎంత చక్కనిదైనా మనం దాన్ని అమీర్‌పేట చౌరస్తా చేసేయగలం.

మన గుంపు ఎలా వస్తుందో గుర్తుచేసుకోండి. పదిమంది ఒకేసారి దిగుతారు. ఒకరు బల్లలు జరుపుతారు, ఒకరు బ్లూటూత్ స్పీకర్ తీస్తారు, ఒకరు వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు, ఒకరు సంచిలోంచి కారప్పూస పొట్లం విప్పుతారు. "తొందరగా కానివ్వండి, ఏడింటికి ఇంకో చోటుంది" అని గుంపు పెద్ద అంటాడు. ఆ ఒక్క మాటతో సాయంత్రం అక్కడే చచ్చిపోతుంది. నేనూ ఆ పెద్దరికం చేసినవాణ్ణే.

దీనికి నాలుగు పద్ధతులు పాటించి చూశాను, పనిచేశాయి.

ముందు పలకరించండి. తూర్పు కరీబియన్ దీవుల్లో "గుడ్ ఆఫ్టర్‌నూన్" అనకుండా నేరుగా ధర అడిగితే మొరటుతనంగా చూస్తారు. పలకరింపు తర్వాత వచ్చే జవాబులో వెచ్చదనమే వేరు. మనూళ్ళోనూ "ఏం పెద్దాయనా, బాగున్నావా" అని కదా మొదలుపెడతాం.

ఒక్కటే చెప్పండి. తాగడానికి ఒకటి. తినేది తర్వాత, మంచింగ్ ఇంకా తర్వాత. ఆర్డరంతా ఒకేసారి చెబితే అంతా ఒకేసారి వస్తుంది, అంతా ఒకేసారి అయిపోతుంది, లేవడమే మిగులుతుంది.

ఫొటో పని మొదటి ఐదు నిమిషాల్లో ముగించి ఫోన్ సంచిలో పడేయండి. ఫోన్ బల్ల మీద ఉన్నంతసేపు ఆఫీసు కూడా బల్ల మీదే ఉంటుంది.

ఆలస్యాన్ని ఫిర్యాదు చేయకండి. చేపని మీరు చెప్పాక కోస్తారు, నిప్పు మీరు చెప్పాక రాజేస్తారు. ఆకలి మీద వెళ్తే ఆ ఆలస్యం కోపమవుతుంది. ఏదో కాస్త తిని వెళ్తే అదే ఆలస్యం మీరు వెతుక్కుంటూ వచ్చిన సుఖమవుతుంది.

బట్టల గురించి ఒక మాట. ఈత బట్టలు ఇసుక మీద సరే, ఊళ్ళోకి, కొట్లలోకి వెళ్ళేటప్పుడు పైన చొక్కా ఉండాలి. బార్బడోస్, జమైకా, ట్రినిడాడ్‌లలో సైనికుల మచ్చల డిజైను బట్టలు మామూలు మనుషులు వేసుకోవడం చట్టరీత్యా నేరం. మన బజార్లలో దొరికే ఆ డిజైను టోపీ, నిక్కరు ఇంట్లోనే వదిలేయండి.

తాగేవాళ్ళకు, తాగనివాళ్ళకు

తాగనివాళ్ళు ఇబ్బందిపడక్కర్లేదు. లాంటాలో ఆ ముగ్గురు పడవవాళ్ళు తాగింది ఐస్ టీ. వాళ్ళకంటే నింపాదిగా కూర్చున్నవాళ్ళని ఆ సాయంత్రం నేను చూడలేదు. కొబ్బరి బొండం, నిమ్మ సోడా, పళ్ళరసం ఎక్కడైనా దొరుకుతాయి. రమ్ము లేకుండా ఇమ్మని అడిగితే కొబ్బరి, అనాస కలిపిన పానీయం పిల్లలకీ ఇస్తారు. ఒక దాంతో రెండు గంటలు కూర్చుంటే కసిరేవాళ్ళుండరు. లేచేటప్పుడు కాస్త టిప్పు ఎక్కువ పెట్టండి, లెక్క సరిపోతుంది.

తాగేవాళ్ళకి మాత్రం నాలుగు కచ్చితమైన కట్టుబాట్లు. ఇవి సలహాలు కావు.

మూత తీయని సీసాలోదే తాగండి. ఇండోనేషియా దీవుల్లో అరక్ లాంటి నాటు సారాయిలో మిథనాల్ కలిసి ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. వాసనతో, రుచితో దాన్ని పట్టలేం. తాగిన మర్నాటికి కూడా లక్షణాలు కనిపించవచ్చు. చూపు మసకబారితే హ్యాంగోవర్ అనుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మరీ చవకగా బకెట్లలో పోసిచ్చే కలగలుపు జోలికి పోకండి.

తాగాక నీళ్ళలో దిగొద్దు. తాగకపోయినా, తెలియని ఒడ్డున లోపలికి లాగే ప్రవాహం ఉండొచ్చు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి.

తాగాక స్కూటర్ ఎక్కొద్దు. దీవుల్లో అద్దె స్కూటర్ల మీద దెబ్బలు తినే పర్యాటకులు చాలామంది. తాగి నడిపితే చాలా బీమా కంపెనీలు రూపాయి ఇవ్వవు. బస నుంచి నడిచి వెళ్ళగల చోటే మీ చోటు అనుకుంటే ఈ చిక్కే రాదు.

చట్టం కనుక్కోండి. మాల్దీవుల్లో రిసార్టు దీవుల్లో మద్యం దొరుకుతుంది కానీ స్థానికులుండే దీవుల్లో నిషేధం. మన లక్షద్వీప్‌లో బంగారం దీవి మినహా మద్యనిషేధం అమల్లో ఉంది. అది తెలియక వెళ్ళి మొహం వేలాడేసుకోవడం కంటే, అక్కడి నీళ్ళకీ నిశ్శబ్దానికీ సిద్ధపడి వెళ్ళడం తెలివి.

తెలుగు వినబడే రెండు దీవులు

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి భాషే పెద్ద బెరుకు. అలాంటివాళ్ళు అండమాన్‌తో మొదలుపెట్టవచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు బోలెడు. బజార్లో నాలుగడుగులు వేస్తే మన యాస చెవిన పడుతుంది. అక్కడి నుంచి ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్ వెళ్ళాలి. 2018 చివర్లో పేరు మారక ముందు అది హావ్‌లాక్. పడమటి వైపున్న రాధానగర్ ఒడ్డున సూర్యాస్తమయం, తూర్పున విజయనగర్ ఒడ్డున సూర్యోదయం. థాయ్‌లాండ్‌లోలా ఇసుకలోకి దిగిన బార్లు అక్కడ ఆశించకండి, ఒడ్డు మీద మందు తాగనివ్వరు. టీ గ్లాసు, వేపిన చేప, రాత్రి కొబ్బరి చెట్ల కింద గాలి. మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉన్నచోట మాత్రం నీళ్ళలో దిగే సాహసం వద్దు.

రెండోది మారిషస్. చెరకు తోటల్లో కూలికి 19వ శతాబ్దంలో ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి అక్కడుంది. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని ఒకప్పుడు కొరంగీలనేవారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. ఆదివారం మధ్యాహ్నం ఏదైనా ప్రజా తీరానికి వెళ్ళి చూడండి. సరుగుడు చెట్ల కింద కుటుంబాలు చాపలు పరిచి, బిర్యానీ గిన్నెలు విప్పి, పొద్దువాలేదాకా కదలవు. ఎవరో మేకతోలు రవాన్ డప్పు మంట దగ్గర వెచ్చచేసి సెగా పాట అందుకుంటారు. బండి మీద గాటో పిమాఁ అమ్ముతారు. ఒకటి కొరికి చూడండి. పచ్చిమిరపకాయలు దట్టించిన పప్పు వడే. అంత దూరం పోయి ఎవరిదో బార్లో ఎందుకు కూర్చోవాలి? ఆ చెట్ల కింద, వాళ్ళ పక్కన ఓ చాప పరవండి.

సాధన

ఈసారి ప్రయాణంలో ఒక పని చేయండి. నాలుగు రోజులుంటే నాలుగు చోట్లు వెతకొద్దు. మొదటి రోజు నడిచి, ఐదు గుర్తులు చూసి ఒక చోటు ఎంచుకోండి. మిగిలిన మూడు సాయంత్రాలూ అక్కడికే వెళ్ళండి. అదే వేళకి వెళ్ళి, వీలైతే అదే చాప మీద కూర్చోండి.

మొదటి రోజు మీరు గిరాకీ. రెండో రోజు తెలిసిన మొహం. లాంటాలో ఆ చోటికి రెండోసారి వెళ్ళిన సాయంత్రం రోటి ముందున్నావిడ మా ఆవిడని చూసి మిరపకాయ పైకెత్తి, ఎన్ని వేయమంటావని వేళ్ళతో అడిగింది. మా ఆవిడ మూడు వేళ్ళు చూపించింది. ఆవిడ నవ్వి, నమ్మక, ఒకటే వేసింది. మూడోసారి వెళ్ళినప్పుడు మేము చాప మీద కూర్చోకముందే రోట్లో మూడు మిరపకాయలు పడ్డాయి.

ఆవిడ పేరు మాకు తెలియదు, మా పేరు ఆవిడ అడగలేదు. వేసవికల్లా ఆ పాక విప్పేస్తారట, వానలు పోయాక మళ్ళీ కడతారట. కాబట్టి చోటు పేరు నన్ను అడక్కండి. మీరూ చెప్పులు చేత్తో పట్టుకుని ఒడ్డు వెంబడి నడవండి. నచ్చిన చోట కూర్చోండి. మర్నాడు మళ్ళీ అక్కడికే వెళ్ళండి.